గేమింగ్ ల్యాప్‌టాప్‌లో వైఫై సిగ్నల్ తగ్గడం: గరివిడి ఇళ్లలో కారణాలు, సరిదిద్దే పద్ధతులు

రౌటర్ పంపే రేడియో తరంగాలు ల్యాప్‌టాప్‌కూ, ల్యాప్‌టాప్ పంపేవి రౌటర్‌కూ తగినంత శక్తితో అందకపోవడాన్ని వైఫై సిగ్నల్ తగ్గడం అంటారు. ఆటలో దీని గుర్తు స్పష్టంగా ఉంటుంది. పరుగెడుతున్న పాత్ర ఉన్నచోటే ఆగిపోయి, క్షణం తర్వాత ఎక్కడో తేలుతుంది. ఆడే కుర్రాళ్లు ‘ల్యాగ్ కొడుతోంది’, ‘పింగ్ లేచిపోయింది’ అంటారు. ఇంట్లో పెద్దవాళ్లు ‘నెట్ రావట్లేదు’ అంటారు. అందరూ చెప్పేది ఒకే బాధ అయినా, దాని వెనకున్న లోపం ఇంటి బయట తీగలో ఉండొచ్చు, గోడల మధ్య ఉండొచ్చు, ల్యాప్‌టాప్ లోపలే ఉండొచ్చు. ఏది ఎక్కడుందో తేల్చకుండా ప్లాను మార్చడం, కొత్త రౌటర్ కొనడం, విండోస్ మళ్లీ వేయించడం డబ్బు దండగ.

విజయనగరం జిల్లా గరివిడి లాంటి ఊళ్లో ఈ సమస్య తీరు నగరంలో కంటే వేరు. విశాఖపట్నంలోనో హైదరాబాద్‌లోనో అపార్టుమెంటులో ఉంటే ముందుగా అడ్డొచ్చేది చుట్టుపక్కల ఫ్లాట్ల రౌటర్ల రద్దీ. అందుకే ఎక్కడ చదివినా మొదటి సలహా ‘చానల్ మార్చండి’ అనే ఉంటుంది. గరివిడిలో విడివిడి ఇళ్లే ఎక్కువ, గాలిలో రద్దీ తక్కువ. ఇక్కడ సిగ్నల్‌ను తినేసేవి దూరం, గోడ, ఇనుము. కాబట్టి వరస తిరగేయాలి: ముందు రౌటర్ పెట్టె ఉన్న చోటు, తర్వాత ల్యాప్‌టాప్, ఆ తర్వాతే చానల్.

పెట్టె టీవీ పక్కకు ఎలా చేరింది

గరివిడి హౌరా–చెన్నై రైలు మార్గం మీద, నెల్లిమర్ల దాటాక చీపురుపల్లికి ముందు వచ్చే స్టేషను. మాంగనీసు గనులు, ఫెర్రో అల్లాయిస్ కర్మాగారం, దానితోపాటు పెరిగిన శ్రీరామ్‌నగర్ కాలనీ ఊరికి పేరు తెచ్చాయి. పశువైద్య కళాశాల, ఇంజనీరింగ్ కళాశాల ఉన్నందువల్ల అద్దె గదుల్లో ఉండే విద్యార్థులూ కనిపిస్తారు. వాళ్లలో చాలామందికి ప్రాజెక్టుకూ ఆటకూ ఒకటే ల్యాప్‌టాప్.

రాష్ట్రంలో ఊళ్లకు ఫైబర్ చేరిన చరిత్రలో ముఖ్యమైన ఘట్టం ఏపీ ఫైబర్‌నెట్. కోనసీమలోని మోరి గ్రామంలో 2016 చివర్లో మొదలై, 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా అధికారికంగా ప్రారంభమైంది. నేల తవ్వే ఖర్చు లేకుండా విద్యుత్ స్తంభాల మీదుగానే తీగ లాగారు. నెట్‌వర్క్‌ను నడిపే కేంద్రం విశాఖపట్నంలో పెట్టారు. స్థానిక కేబుల్ ఆపరేటర్ల ద్వారా నెలకు 149 రూపాయలకే టీవీ, ఫోను, 15 ఎంబీపీఎస్ ఇంటర్నెట్ ఇస్తామన్నది మొదటి ప్లాను. ఆ తర్వాత ప్రైవేటు కంపెనీల ఫైబర్ కూడా ఊళ్లకు వచ్చింది.

వైఫైకి సంబంధించి ఇందులో గమనించాల్సిన సంగతి ఒకటుంది. ఇంటర్నెట్ మన ఇళ్లలోకి టీవీతో కలిసి, కేబులాయన చేతి మీదుగా వచ్చింది. తీగ వీధి స్తంభం నుంచి ముందు గదిలోకి దిగుతుంది. టీవీ అక్కడే ఉంటుంది కాబట్టి పెట్టె కూడా దాని పక్కనో, వెనకో, అరలోనో కూర్చుంటుంది. ల్యాప్‌టాప్ మాత్రం చదువుకునే గదిలో ఉంటుంది. అది ఇంటి వెనక భాగంలోనో, మేడ మీదో. అంటే సిగ్నల్ ఇల్లంతా దాటుకుని రావాలి. తీగ బిగించిన రోజున ఇంకో పది మీటర్లు లోపలికి లాగమని అడిగి ఉంటే చాలా ఇళ్లలో ఈ వ్యాసంతో పనే ఉండేది కాదు. ఆ మాట ఇప్పుడు అడిగినా ఆలస్యమేమీ కాదు.

గోడ, స్లాబు, బీరువా

వైఫై శక్తిని డీబీఎం అనే కొలతలో చెబుతారు. ఇది రుణసంఖ్య, సున్నాకు దగ్గరయ్యే కొద్దీ బలం ఎక్కువ. ప్రతి 3 డెసిబెళ్లకు శక్తి సగమవుతుంది, ప్రతి 10కి పదో వంతవుతుంది. మైనస్ 50 చాలా మంచి సిగ్నల్. ఆటకు మైనస్ 67 దాకా ఫర్వాలేదు. మైనస్ 75 దాటితే డేటా పాకెట్లు పోవడం మొదలవుతుంది, మైనస్ 80 దగ్గర బ్రౌజింగ్ కూడా తడబడుతుంది. మైనస్ 50కీ మైనస్ 80కీ మధ్య తేడా వెయ్యి రెట్లు. తెర మూలన కనిపించే గీతలు ఇంత తేడాను చూపించలేవు, వాటిని నమ్ముకోకూడదు.

అడ్డు లేని చోట దూరం రెట్టింపైతే సిగ్నల్ 6 డెసిబెళ్లు పడుతుంది. గోడలు తరచుగా అంతకంటే ఎక్కువ తింటాయి. వైఫై వాడే బ్యాండ్లలో 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 12.5 సెంటీమీటర్లు, 5 గిగాహెర్ట్జ్‌ది దాదాపు 6. పొట్టి తరంగం వేగంగా సమాచారం మోయగలదు కానీ గోడ దగ్గర త్వరగా అలిసిపోతుంది. ఒక మామూలు ఇటుక గోడను 2.4 దాటినంత తేలిగ్గా 5 దాటలేదు. పాత పెంకుటిళ్ల మందపాటి గోడలు రెండు వరసగా వస్తే 5 గిగాహెర్ట్జ్ పేరుకే మిగులుతుంది. డాబా ఇంట్లో స్లాబులోని ఇనుప చువ్వలు మేడ మీదికి వెళ్లే తరంగాన్ని అడ్డుకుంటాయి. మెట్ల దారి తెరిచి ఉన్న వైపు సిగ్నల్ బాగుండి, అదే గదిలో ఇంకో మూల చచ్చిపోవడానికి కారణం ఇదే. ఇనుప రేకుల షెడ్డులో గది వేసుకుంటే రేకు తరంగాన్ని వెనక్కి కొట్టేస్తుంది.

ఇంట్లో ఉండే లోహం సంగతి చాలామంది మరిచిపోతారు. రెండు గదుల మధ్య గోడకు ఆనించిన ఇనుప బీరువా ఆ గోడను తరంగానికి మూసేసినట్టే. ఫ్రిజ్, బియ్యం డ్రమ్ము, నీళ్ల ట్యాంకు కూడా అంతే. కిటికీలకూ వెనక తలుపుకూ బిగించే దోమల జాలిని ప్రత్యేకంగా చెప్పాలి. స్టీలు జాలి కళ్లు తరంగం పొడవు కంటే ఎన్నో రెట్లు చిన్నవి. గాలి వెళుతుంది, వెలుతురు వెళుతుంది, వైఫై మాత్రం చాలావరకు ఆగిపోతుంది. వసారాలోనో పెరట్లోనో కూర్చుని ఆడేవాళ్లకు తలుపు తీస్తే సిగ్నల్ పెరగడం ఇందువల్లే. ఫైబర్ దారంతో అల్లిన జాలికి ఈ ఇబ్బంది లేదు.

ఊళ్లో ఫర్నేసుల కర్మాగారం ఉంది కాబట్టి దాని వల్లే వైఫై పోతోందేమోనన్న అనుమానం సహజం. విద్యుత్ ఆర్క్ వల్ల పుట్టే రేడియో గోల ప్రధానంగా తక్కువ పౌనఃపున్యాల్లో ఉంటుంది. కర్మాగారానికి దూరంగా ఉన్న ఇంట్లో గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ను అది చెడగొట్టదు. ఉక్కపోత, గాలిలో తేమ కూడా ఇంటి లోపలి దూరాల్లో లెక్కలోకి రావు. వోల్టేజీ ఒడిదుడుకుల్లో పాతబడ్డ రౌటర్ అడాప్టర్ సరిగ్గా కరెంటు ఇవ్వక, పెట్టె తనంతట తానే ఆగి మళ్లీ లేవడం మాత్రం నిజంగా జరిగేదే. అలాంటప్పుడు దీపాలన్నీ ఒకసారి ఆరి వెలుగుతాయి. అడాప్టర్ మారిస్తే సరి.

నెట్ పోయిందా, వైఫై పోయిందా

ముందు పెట్టె మీది దీపాలు చూడాలి. ‘లాస్’ అని రాసి ఉన్న చోట ఎర్ర దీపం వెలిగితే ఫైబర్ వెలుతురే రావడం లేదని అర్థం. తీగ తెగి ఉండొచ్చు, ఎలుక కొరికి ఉండొచ్చు, కిటికీ సందులో మరీ వంగి ఉండొచ్చు. స్తంభాల మీద వేలాడే తీగకు గాలివాన ఎప్పుడూ గండమే. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుపాన్ల తర్వాత ఉత్తరాంధ్రలో స్తంభాలతోపాటు తీగలూ నేలకూలాయి. ఇది ఆపరేటర్ చేయాల్సిన పని. ఇంట్లో ఏం చేసినా ప్రయోజనం లేదు. దీపం ఆకుపచ్చగా ఉన్నా వెలుతురు తక్కువగా రావచ్చు. ఇళ్లకు వాడే జీపాన్ అనే ఫైబర్ పద్ధతి పెట్టెల్లో సాధారణ రకానికి వెలుతురు మైనస్ 27 డీబీఎం కంటే తగ్గకూడదు. ఆపరేటర్ మీటరు పెట్టి చూస్తాడు, ఆ అంకె అడిగి రాసుకోవాలి.

దీపాలు బాగుంటే ల్యాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి రౌటర్‌కే పింగ్ కొట్టాలి, అంటే చిన్న సందేశం పంపి జవాబు ఎంతసేపట్లో వస్తుందో చూడాలి. రౌటర్ చిరునామా చాలా ఇళ్లలో 192.168.1.1, కానప్పుడు ‘ఐపీకాన్ఫిగ్’ కమాండ్‌లో డిఫాల్ట్ గేట్‌వే అని కనిపిస్తుంది. రౌటర్ పక్కన కూర్చుంటే జవాబు 1 నుంచి 5 మిల్లీసెకన్లలో రావాలి. అదే పని ఆట ఆడే గదిలో చేసినప్పుడు 3, 4, 180, 6, 250 అని ఎగిరెగిరి పడుతుంటే లోపం ఇంటి లోపలే ఉంది, బయటి నెట్‌ను తిట్టనక్కర్లేదు. రౌటర్ దాకా నిలకడగా ఉండి బయటి సర్వరుకు మాత్రం ఎగిరితే వైఫై జోలికి వెళ్లొద్దు.

మూడో పరీక్ష అన్నిటికంటే విలువైనది, ఖర్చు లేనిది. ల్యాప్‌టాప్ పక్కనే ఫోను పెట్టి, రెండింటినీ ఒకే వైఫై పేరుకు, ఒకే బ్యాండుకు కలిపి సిగ్నల్ చూడాలి. ఆండ్రాయిడ్ ఫోన్లలో వైఫై ఎనలైజర్ యాప్ డీబీఎం చూపిస్తుంది. విండోస్‌లో ‘నెట్‌ష్ వ్లాన్ షో ఇంటర్‌ఫేసెస్’ అనే కమాండ్ సిగ్నల్‌ను శాతంలో చెబుతుంది. నూరు శాతం అంటే మైనస్ 50 లేదా అంతకంటే మెరుగు, సున్నా అంటే మైనస్ 100. మధ్యలో ఒక్కో శాతానికి అర డెసిబెల్. 60 శాతం కనిపిస్తే మైనస్ 70 అన్నమాట. ఫోనూ ల్యాప్‌టాపూ రెండూ నీరసంగా ఉంటే తప్పు ఇంటిది. ఫోను మైనస్ 58 చూపిస్తూ ల్యాప్‌టాప్ మైనస్ 78 దగ్గర ఉంటే తప్పు ల్యాప్‌టాప్‌ది.

ల్యాప్‌టాప్ లోపల

గేమింగ్ ల్యాప్‌టాప్ అంటే ఖరీదైన వస్తువు కాబట్టి వైఫై కూడా గొప్పగా ఉంటుందనుకుంటాం. డబ్బు గ్రాఫిక్స్ కార్డుకూ తెరకూ పోతుంది, వైఫై కార్డు చాలాసార్లు మామూలుదే వస్తుంది. ఇంటెల్ ఏఎక్స్ 201, ఏఎక్స్ 210, మీడియాటెక్ ఎంటీ 7921, రియల్‌టెక్ కార్డులు తరచుగా కనిపిస్తాయి. 22 మిల్లీమీటర్ల వెడల్పు, 30 మిల్లీమీటర్ల పొడవు ఉండే చిన్న పలక అది. దాని మీద రెండు బంగారు రంగు బుడిపెలు. వాటికి సన్నటి తీగలు రెండు, సాధారణంగా ఒకటి నలుపు, ఒకటి తెలుపో బూడిద రంగో. ఆ తీగలు కీలు గుండా తెర చుట్టూ ఉన్న యాంటెన్నాల దాకా పోతాయి. కొన్ని మోడళ్లలో యాంటెన్నాలు కింది భాగంలోనే ఉంటాయి.

తీగ చివర ఉండే కనెక్టర్ చొక్కా టిచ్ బటన్‌లా పైనుంచి నొక్కితే టిక్కుమని కూర్చుంటుంది. ఎస్ఎస్‌డీ మార్పించినప్పుడో, ఫ్యాన్ దుమ్ము దులిపించినప్పుడో ఇది సగం ఊడి అలాగే మూత పడిపోవడం చాలా మామూలు విషయం. ల్యాప్‌టాప్ రిపేరు చేయించి తెచ్చినప్పటి నుంచే వైఫై తగ్గిందంటే మొదట చూడాల్సింది ఇదే. మూత తీయకుండానే అనుమానాన్ని బలపరిచే గుర్తు ఒకటుంది. రెండు యాంటెన్నాలున్న వైఫై 5 కార్డు 80 మెగాహెర్ట్జ్ వెడల్పులో రౌటర్ దగ్గర 866 ఎంబీపీఎస్ లింకు చూపించాలి. ఎంత దగ్గరకు తెచ్చినా 433 దగ్గరే ఆగితే ఒక తీగ పనిచేయడం లేదని అనుమానించవచ్చు. బిగించేటప్పుడు బ్యాటరీ తీగ ముందే తీసేయాలి. కనెక్టర్‌ను అడ్డంగా తోయకూడదు, నిటారుగా పైనుంచి వేలితోనే నొక్కాలి. వారంటీ ఉంటే సర్వీసు కేంద్రంలో చేయించుకోవడమే మంచిది.

ఆట ఆడేవాళ్ల అలవాట్లే కొన్నిసార్లు యాంటెన్నాకు అడ్డొస్తాయి. బయటి మానిటర్ తగిలించి ల్యాప్‌టాప్ మూత మూసేస్తే తెర చుట్టూ ఉన్న యాంటెన్నాలు లోహపు కీబోర్డు భాగానికి అతుక్కుపోతాయి. మూత కాస్త తెరిచి ఉంచితే చాలు. ఇంకొకటి యూఎస్‌బీ 3. ఆటలు దాచుకునే బయటి ఎస్ఎస్‌డీ ఈ రంధ్రానికే తగిలిస్తారు. యూఎస్‌బీ 3 నుంచి వెలువడే గోల సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో పడుతుందని ఇంటెల్ 2012లోనే ఒక పత్రంలో వివరించింది. వైర్‌లెస్ మౌస్, బ్లూటూత్ హెడ్‌సెట్, వైఫై అన్నీ 2.4లోనే ఉంటే ఒకదానికొకటి తగులుకుంటాయి. డిస్కును రెండో పక్కకు మార్చి, మంచి తీగ వాడి, వీలైతే వైఫైని 5కు పంపాలి.

ఇక కార్డును మార్చాలనుకునేవాళ్లకు ఒక జాగ్రత్త. ఏఎక్స్ 201, ఏఎక్స్ 211 ఇంటెల్ ప్రాసెసర్‌తో కలిసి పనిచేసేలా తయారైనవి, ఏఎండీ ల్యాప్‌టాప్‌లో అవి పనిచేయవు. ఏఎక్స్ 200, ఏఎక్స్ 210 ఆ బంధం లేనివి.

సెట్టింగులు

సాఫ్ట్‌వేర్ మార్పులతో గోడ పలచబడదు. ఉన్న సిగ్నల్‌ను ల్యాప్‌టాప్ వృథా చేయకుండా మాత్రం చూడొచ్చు. ఛార్జర్ తీసేసి బ్యాటరీ మీద ఆడితే విండోస్ వైఫైకి కూడా పొదుపు నేర్పుతుంది. వేసవి కోతల్లో రౌటర్ ఇన్వర్టర్ మీద నడుస్తున్నా ఆట తడబడితే ఇది ఒక కారణం. డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్ ప్రాపర్టీస్ తెరిచి, పవర్ మేనేజ్‌మెంట్‌లో కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపవచ్చన్న గడిలో టిక్కు తీసేయాలి. అడ్వాన్స్‌డ్ పేజీలో ట్రాన్స్‌మిట్ పవర్ అత్యధికంగా, ఇంట్లో ఒకటే రౌటర్ ఉంటే రోమింగ్ అగ్రెసివ్‌నెస్ తక్కువగా పెట్టాలి. డ్రైవర్‌ను ల్యాప్‌టాప్ కంపెనీ సైటు నుంచో, ఇంటెల్ కార్డైతే ఇంటెల్ సైటు నుంచో తెచ్చుకోవాలి. విండోస్ అప్‌డేట్ తర్వాతే తేడా వస్తే రోల్‌బ్యాక్ చేసి చూడాలి. ఒక్కసారి ఒక్క మార్పే చేసి, మళ్లీ కొలిచి, అప్పుడు రెండోది.

రౌటర్‌లో పాత డబ్ల్యూఈపీ, టీకేఐపీ భద్రత ఉంటే లింకు 54 ఎంబీపీఎస్ దాటదు. డబ్ల్యూపీఏ 2 ఏఈఎస్ లేదా డబ్ల్యూపీఏ 3 పెట్టాలి. హాస్టల్ గదులు, వరస క్వార్టర్లు అయితే నగరపు సలహా ఇక్కడా వర్తిస్తుంది: 2.4లో 1, 6, 11 చానళ్లే ఒకదానిపై ఒకటి పడకుండా ఉంటాయి, వెడల్పు 20 మెగాహెర్ట్జ్ దగ్గరే ఉంచాలి.

విడి ఇంట్లో 2.4ను చిన్నచూపు చూడకూడదు. ఆన్‌లైన్ ఆట ఆడుతున్నప్పుడు పోయే డేటా సాధారణంగా సెకనుకు ఒక మెగాబిట్ లోపే. చుట్టూ రద్దీ లేని చోట, గోడలు దాటి నిలకడగా వచ్చే 2.4, గోడ దగ్గర కొన ఊపిరితో ఉన్న 5 కంటే ఆటకు మేలు. పెద్ద ప్లాను అవసరమయ్యేది ఆటను దించుకోవడానికి. వంద గిగాబైట్ల ఆట 15 ఎంబీపీఎస్ మీద దిగడానికి దాదాపు 15 గంటలు పడుతుంది. అది రాత్రి పడుకునేటప్పుడు పెట్టుకునే పని. ఆడే సమయంలో స్టీమ్ అప్‌డేట్లు, ఫొటోల అప్‌లోడ్ నడుస్తుంటే సిగ్నల్ ఎంత బాగున్నా పింగ్ లేస్తుంది.

పెట్టెను కదపడం, తీగ లాగడం

రౌటర్‌ను టీవీ వెనక నుంచి తీసి, ఇంటి మధ్యకు, తల ఎత్తుకు పైన, బీరువాకూ ఫ్రిజ్‌కూ దూరంగా పెట్టాలి. నడవలోని గూడు దీనికి చక్కటి చోటు. పుల్లల్లాంటి యాంటెన్నాలు తమ మొన వైపు కాకుండా పక్కలకు ప్రసారం చేస్తాయి. ఒకే అంతస్తు ఇంట్లో అవి నిటారుగా ఉండాలి. మేడ మీదికీ కావాలంటే ఒకదాన్ని పడుకోబెట్టాలి. ఫైబర్ పెట్టెలోనే వైఫై ఉండి, దాన్ని కదపలేకపోతే అక్కడి నుంచి లాన్ తీగతో ఇంకో రౌటర్‌ను లోపలి గదికి తీసుకుపోవచ్చు. మూలన పడేసిన పాత రౌటర్ కూడా ఈ పనికి సరిపోతుంది. చిరునామాలు పంచే దాని డీహెచ్‌సీపీ సెట్టింగు ఆపేసి, మొదటి రౌటర్ వాడని చిరునామా ఇచ్చి, తీగను లాన్ రంధ్రానికి తగిలిస్తే చాలు.

రిపీటర్లు తేలిగ్గా దొరుకుతాయి కానీ వాటిని పెట్టే చోటులో పొరపాటు ఎక్కువ. సిగ్నల్ చచ్చిన గదిలో పెడితే అది ఆ చచ్చిన సిగ్నల్‌నే మళ్లీ పలుకుతుంది. మైనస్ 65 ఇంకా అందే నడిమి చోట ఉండాలి. ఒకే బ్యాండుతో వినడం, పలకడం రెండూ చేసే రిపీటర్ వేగాన్ని సుమారు సగం చేస్తుంది, పింగ్‌కూ కొంత కలుపుతుంది. సినిమాకు పనికొస్తుంది, పోటీ ఆటకు నేను సిఫారసు చేయను.

గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో ఎక్కువవాటికి లాన్ రంధ్రం ఉంటుంది. ఆఫీసు పనికి వాడే చాలా సన్నటి ల్యాప్‌టాప్‌లకు లేని సౌకర్యం ఇది, వాడుకోకపోవడం అన్యాయం. క్యాట్ 5ఈ తీగ వంద మీటర్ల దాకా గిగాబిట్ వేగం మోస్తుంది. గరివిడిలో ఏ ఇల్లయినా ఆ దూరంలోపే. కేబులాయన దగ్గర తీగా, క్రింపింగ్ పనిముట్టూ రెండూ ఉంటాయి. గోడ అంచున క్లిప్పులు కొట్టి ఒక పూటలో పని ముగిస్తారు. ఆటకు కూర్చునే చోటు ఎప్పుడూ ఒకటే అయితే ఇంతకు మించిన మందు లేదు.

తీగ వేశాక కూడా కొంత పింగ్ మిగులుతుంది. ఫైబర్‌లో వెలుతురు సెకనుకు రెండు లక్షల కిలోమీటర్ల వేగంతో పోతుంది. గరివిడి నుంచి ముంబై సర్వరు సూటిగా 1,100 కిలోమీటర్ల పైమాటే, చెన్నై 700 కిలోమీటర్ల లోపు. పోయి రావడానికి ముంబైకి కనీసం 11, చెన్నైకి 7 మిల్లీసెకన్లు తప్పవు. తీగ మలుపులు తిరుగుతూ ఎన్నో కేంద్రాలు దాటుతుంది కాబట్టి అసలు అంకె అంతకు కొన్ని రెట్లు ఉంటుంది. చెన్నైలోనూ సర్వర్లున్న ఆటలో ఆ ప్రాంతాన్ని ఎంచుకుని చూడాలి. ఇంటర్నెట్ కంపెనీ దారి ఎటు తిప్పుతుందో కొలిస్తేనే తెలుస్తుంది.

కొత్త బ్యాండ్ల సంగతి

భారతదేశంలో 2.4 గిగాహెర్ట్జ్‌ను లైసెన్సు లేకుండా వాడుకునే స్వేచ్ఛ 2005లో, 5 గిగాహెర్ట్జ్‌లో విస్తృతమైన అనుమతి 2018లో వచ్చాయి. 6 గిగాహెర్ట్జ్ కింది భాగాన్ని, అంటే 5925 నుంచి 6425 మెగాహెర్ట్జ్ దాకా, తెరవడానికి ముసాయిదా నిబంధనలు 2025 మేలో వెలువడ్డాయి. ఏఎక్స్ 210 వంటి కార్డులున్న ల్యాప్‌టాప్‌లు ఆ బ్యాండును అందుకోగలవు. రౌటర్ ఉన్న గదిలోనే ఆడేవాళ్లకు అది రద్దీ లేని దారి. రెండు ఇటుక గోడల అవతల కూర్చునేవాళ్లకు మాత్రం 5 కంటే ఇంకా త్వరగా నీరసించే సిగ్నల్ అది. ఆ బ్యాండు కోసం కొత్త రౌటర్ కొనే ముందు, ఉన్న 5 గిగాహెర్ట్జ్ ఆ గదిలో ఎంత డీబీఎం చూపిస్తోందో ఒకసారి కొలుచుకోవాలి. అది మైనస్ 70 దాటి ఉంటే 6 అక్కడ పనికిరాదు.